నాలుగు కాళ్ళ కట్టడం

మా ఊరి పేరు చెప్పను. చెబితే మునిసిపాలిటీ వాళ్ళకి కోపం వస్తుందని కాదు, సంతోషించి నాకు మళ్ళీ సన్మానం చేస్తారని భయం. ఇదివరకు ఒకసారి చేశారు. ఆ శాలువా కప్పిన చోట నాకు ఇప్పటికీ దురద.

నా పేరు మౌనేశ్వరాచారి. వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మంచాలు, మేడమెట్ల కటకటాలు, ఏదడిగినా చేస్తాను. మా ఊళ్ళో సగం ఇళ్ళలో నా చేతి పని ఉంది. మిగతా సగం వాళ్ళకి అభిరుచి లేదు.

మా మునిసిపల్ ఆఫీసులో కమిషనరు గది గుమ్మం పక్కన త్రిమూర్తులు అనే అటెండరు ఉంటాడు. లంక గ్రామం మనిషి. ఏది చెప్పినా “ఆయ్” అంటాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ప్రభుత్వం నుంచి అనుభవించిన సౌకర్యం ఒకటే, ఆ గుమ్మం పక్కనున్న స్టూలు. దాని మీద ఒక కౌన్సిలరుగారు ఎవరో మహానుభావుడి పటానికి దండ వేయడానికి ఎక్కారు. దండ పడింది, కౌన్సిలరు పడలేదు, స్టూలు కాలు మాత్రం విరిగింది. విరిగిన స్టూలుని వెనకాల చెత్తగదిలో పారేశారు. ఆ రోజు నుంచి త్రిమూర్తులు నిలబడే ఉన్నాడు.

నిలబడటం కుర్రవాళ్ళకి సరే. త్రిమూర్తులు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. ఇంకో వేసవి గడిస్తే రిటైరవుతాడు. అయ్యాక కాలవగట్టున గాలం వేసుకుని చేపలు పట్టుకోవాలని ఆయన కోరిక. “ఇలా రోజంతా నిలబడ్డావంటే గట్టుదాకా కాదు గదా, నీ పెరట్లోకి కూడా నడవలేవు” అని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

“ఆచారిగారూ, కాసింత కూలబడ్డానికి ఓ స్టూలు చేసిపెడుదురూ. తమకి పుణ్యముంటదండి” అన్నాడు ఒకరోజు మా షాపుకి వచ్చి. ఆ మాట కూడా గుమ్మం పట్టుకుని నిలబడే అన్నాడు.

నాకు మనసు చివుక్కుమంది. మా షాపులో ఓ డాక్టరుగారి సింహద్వారం చేయగా మిగిలిన టేకు ముక్క ఉంది. పూటలో పని కానిచ్చాను. ఒక్క మేకు వాడలేదు. బెజ్జాలు తొలిచి కాళ్ళు బిగించి, చిత్రిక పట్టి, ముఖం కనపడేలా పాలిషు పెట్టాను. సైకిలు కారేజీకి కట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాను. స్టూలుని గుమ్మం పక్కన పెట్టాను. త్రిమూర్తులు దాన్ని చేత్తో నిమిరి, కండువాతో తుడిచి, కూర్చోబోయాడు.

“ఆగు!” అన్నారు టౌన్ ప్లానింగు అధికారి విఠలేశ్వరరావుగారు.

త్రిమూర్తులు సగం వంగినవాడు అలాగే ఆగాడు. విఠలేశ్వరరావుగారు కళ్ళజోడు సర్దుకుని స్టూలు చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు.

“ఏమిటిది?”

“స్టూలండి” అన్నాను.

“అది మీ అభిప్రాయం. యంత్రం ఏమంటుందో చూడాలి.”

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. మా కమిషనరు ఆనందభూషణంగారు ఎక్కడికో శిక్షణకి వెళ్ళి వచ్చారు. మనిషి శిక్షణకి వెళ్ళి ఊరికే రాకూడదు కాబట్టి ‘ఏక గవాక్షం’ అనే పథకాన్ని వెంటబెట్టుకొచ్చారు. ఇకమీదట ఆఫీసులో ఏ పనైనా, ఎవరిదైనా ఒకే కంప్యూటరు కిటికీలోంచి దూరి రావాలి. ఇళ్ళ ప్లానులకోసం తయారుచేసిన కంప్యూటరు అది. అది ఒకటే ఉంది కాబట్టి మిగతా పనులన్నీ దాన్ని చూసి సర్దుకోవాలని ఉత్తర్వు. అంతకు ముందు వారమే పార్కులో ఓ పూలకుండీ అందులో ఇరుక్కుని ఇంకా బయటికి రాలేదట.

విఠలేశ్వరరావుగారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేనూ త్రిమూర్తులూ నిలబడ్డాం.

“హోర్డింగులు కాక మూడు రకాలున్నాయి. కొత్త కట్టడం, పాత కట్టడానికి చేర్పు, కూల్చివేత. మీది ఏది?”

“ఏదీ కాదండి.”

“‘ఏదీ కాదు’ అనే సదుపాయం ఇందులో కల్పించబడలేదు. కొత్త కట్టడం అనుకుందాం. స్తంభాలెన్ని?”

“కాళ్ళండీ. నాలుగు.”

“స్తంభాలు నాలుగు. పైకప్పు?”

“అది కప్పు కాదండి, కూర్చునే పలక.”

“చదును కప్పు. ముఖం ఏ దిక్కు?”

“స్టూలుకి ముఖమేమిటండీ! నాలుగు పక్కలా ఒకటే.”

“ముఖం లేని కట్టడాన్ని యంత్రం అనుమతించదు.”

“తూరుపు కొట్టేయండి బాబూ, శుభం” అన్నాడు త్రిమూర్తులు. పాపం, ఎలాగోలా తెమిలితే కూర్చోవచ్చని ఆయన తొందర.

“తూర్పు. నిర్మాణం ఏ దశలో ఉంది?”

“పూర్తయిపోయింది. పాలిషు కూడా పెట్టాను” అన్నాను గర్వంగా. అక్కడే కొంప మునిగింది. కంప్యూటరు తెర ఎర్రబడింది. అనుమతికి ముందే పూర్తయిన కట్టడం కనక అది అక్రమ నిర్మాణం. విఠలేశ్వరరావుగారు లేచి నిలబడి మా స్టూలు వంక దొంగని చూసినట్టు చూశారు. కాసేపటికి ఓ మనిషి ఎర్ర రంగు డబ్బా పట్టుకొచ్చి, నా టేకు కాలి మీద, నేను అరచెయ్యి నొప్పెట్టేలా రుద్దిన పాలిషు మీద, ఇంత లావున అడ్డగీత, నిలువుగీత పెట్టి పోయాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. తిన్నగా కమిషనరు గదిలోకి వెళ్ళాను.

ఆనందభూషణంగారు మర్యాదస్తులు. గుండ్రంగా తిరిగే కుర్చీలో నావైపు తిరిగి, నన్ను మాత్రం కూర్చోమనకుండా, చిరునవ్వు నవ్వారు.

“ఆచారిగారూ, మీ ఆవేదన మా దృష్టికి వచ్చింది. అయితే చట్టం ముందు చిన్నా పెద్దా తారతమ్యం లేదు. ఈ పురపాలక సంఘ చరిత్రలో ఒక అక్రమ నిర్మాణాన్ని అది వెలసిన రోజునే గుర్తించడం ఇదే ప్రథమం. ఇందులో మీ పాత్ర కూడా అభినందనీయం.”

ఆయన వెనక కిటికీలోంచి ఎదుటి అపార్టుమెంటు కనిపిస్తోంది. దానికి అనుమతి మూడంతస్తులకి. కూలీలు ఐదో అంతస్తు మీద సిమెంటు మోస్తున్నారు.

“మరి దాని సంగతేమిటండీ?” అన్నాను చెయ్యి చూపించి.

ఆయన తల తిప్పి చూడలేదు. “అది సమగ్ర పరిశీలనలో ఉన్న విషయం. తొందరపాటు చర్యలు ప్రజాస్వామ్యానికి శోభించవు. మీ కట్టడం విషయంలో మాత్రం రెండే మార్గాలు. కూల్చివేత లేదా క్రమబద్ధీకరణ.”

గుమ్మం దగ్గర్నుంచి త్రిమూర్తులు గొంతు వినిపించింది. “కూల్చకండి బాబూ. చక్కటి టేకండి.”

ఆ విధంగా క్రమబద్ధీకరణ మొదలైంది. ఆ మాట పలకడానికే ఓ పూట పడుతుంది, చేయడానికి ఎంత పట్టిందో అడగొద్దు.

కట్టడం అన్నాక నాలుగు వైపులా ఖాళీ జాగా వదలాలి. వరండాలో అంత జాగా లేదు. కాబట్టి స్టూలుని ఆఫీసు ముందున్న ఎండలోకి, జెండా దిమ్మ పక్కకి మార్చారు. కదిలే కట్టడం ప్రజలకి ప్రమాదకరం కాబట్టి పునాది తీయాలన్నారు. గోతులు తవ్వి, నా స్టూలు కాళ్ళు మోకాలి లోతున కాంక్రీటులో పాతారు. పాతేసరికి కూర్చునే పలక నేలకి జానెడు ఎత్తున మిగిలింది. వర్షాకాలంలో కట్టడం ముంపుకి గురవుతుందని విఠలేశ్వరరావుగారు ఆందోళన వ్యక్తం చేశారు. అందుకని దాన్ని పెకలించి, ముందు ఓ అరుగు కట్టి, ఆ అరుగులో మళ్ళీ పాతారు. అరుగెక్కడానికి మెట్లు కావాలి. మెట్లున్నాక పట్టుకోవడానికి కటకటాలు కావాలి. కొయ్యతో చేసిన కట్టడం ఎండకి బీటలు వారుతుంది కాబట్టి పైన మరో కప్పు కావాలి. కప్పున్నాక వాననీరు ఇంకడానికి ఓ గుంట, గుంటలో ఎవరూ పడకుండా దాని చుట్టూ కంచె, కట్టడానికి వచ్చేవాళ్ళు బళ్ళు పెట్టుకోవడానికి జాగా, నిప్పంటుకుంటే చల్లడానికి ఎర్ర బకెట్లలో ఇసక.

కటకటాలూ, కప్పూ నేనే చేశాను. ఇంకెవడి చేతికైనా ఇస్తే నా స్టూలు పక్కన వాడి నాసిరకం పని నిలబడాలి, అది నేను చచ్చినా ఒప్పుకోను. కటకటాలకి లతలు కూడా చెక్కాను. ఊళ్ళో అంత మంచి కటకటాలు మరి లేవు.

“ఇన్ని చేస్తున్నారు గదా, ఆ ఎర్ర రంగు తుడిచి మళ్ళీ పాలిషు పెట్టుకోనివ్వండి” అని విఠలేశ్వరరావుగారిని అడిగాను.

“అక్రమమనే గుర్తు తొలగించాలంటే అది సక్రమమని ఉత్తర్వు రావాలి. తుడవడం కూల్చివేత కిందికి వస్తుంది” అన్నారు.

ఇంతకీ త్రిమూర్తులు ఏమయ్యాడంటే, నిర్మాణంలో ఉన్న కట్టడానికి కాపలా కావాలి కదా, ఆయనకి ఆ పని అప్పగించారు. ఇదివరకు వరండా నీడలో గోడకి చేరగిలబడి నిలబడేవాడు. ఇప్పుడు నడినెత్తిన ఎండ, చేరగిలడానికి గోడ కూడా లేదు. నా కళ్ళ ముందే మోకాళ్ళు వాచాయి. నేను ఓ చేతికర్ర చేసి ఇచ్చాను. మర్నాడు చూద్దును కదా, ఆ కర్రకి ‘పరిశుభ్రతే మన లక్ష్యం’ అని ఓ రేకు బోర్డు వేలాడుతోంది.

“ఇదేమిటి త్రిమూర్తులూ?”

“ఒకటే స్తంభం, పైన కప్పు లేదంటండి. ఏక గవాక్షంలో హోర్డింగు కింద పడిందంట. హోర్డింగన్నాక దాని మీద ఏదోటి రాసుండాలంటండి, ఆయ్” అన్నాడు. ఆ బోర్డు బరువుకి కర్ర పక్కకి ఒరుగుతోంది. దాన్ని ఆయన నిలబెడుతున్నాడో, ఆయన్ని అది నిలబెడుతోందో నాకు అర్థం కాలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెద్దమనిషి ఎవరో వచ్చి రిబ్బను కత్తిరించారు. ‘పురపాలక ఆసన సముదాయం’ అని నల్లరాతి మీద చెక్కిన ఫలకానికి తెర తీశారు. ఆనందభూషణంగారు మాట్లాడుతూ, సామాన్య ఉద్యోగి కూర్చోవడం అనేది ఇంత కాలం అనాగరిక పద్ధతుల్లో, ఎటువంటి పునాదీ లేకుండా జరిగిందని, ఇకమీదట అది శాస్త్రీయ ప్రాతిపదికన జరుగుతుందని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. దురద గురించి ముందే చెప్పాను.

జనం వెళ్ళిపోయాక త్రిమూర్తులు ఒక్కో మెట్టూ పట్టుకుని అరుగెక్కాడు. స్టూలు ముందు నిలబడి విఠలేశ్వరరావుగారి మొహంలోకి చూశాడు.

“కూర్చోమంటారా బాబూ?”

“తొందరపడకు. వినియోగ యోగ్యతా పత్రం ఇంకా మంజూరు కాలేదు.”

“అదెప్పుడిస్తారండి?” అని నేను అందుకున్నాను.

“కట్టడం మనిషి బరువు ఆపుతుందని పరీక్షలో తేలాలి.”

“తేలాలంటే ఎవరైనా కూర్చోవాలి కదండీ?”

“పత్రం లేకుండా కూర్చోవడం నేరం” అన్నారాయన, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

త్రిమూర్తులు “ఆయ్” అని దిగడం మొదలుపెట్టాడు. మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. మోకాలు మడత పడలేదు. కటకటాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ అక్కడే ఉండిపోయాడు. నేను చెక్కిన లతల మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఏడుపుని మించిన ఒళ్ళుమంట వచ్చింది. ఒక ముసలాడు కూర్చోవడానికి చెక్కముక్క చేయమంటే, ఇంతమందిమి కలిసి ఆయన పట్టుకుని ఏడవడానికి కటకటాలు కట్టాం.

కాపలా పని అయిపోయింది కాబట్టి త్రిమూర్తుల్ని మళ్ళీ వరండాలోకి పంపారు. ఎండ తప్పింది, నిలబడటం తప్పలేదు.

నేను మర్నాడు రంపం, ఉలి, బెజ్జాలు తొలిచే బర్మా సంచిలో వేసుకుని ఆఫీసు వెనక చెత్తగదికి వెళ్ళాను. అక్కడ పాత స్టూలు ఇంకా ఉంది, మూడు కాళ్ళతో ఓ మూల పడి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చెత్తకి మా మునిసిపాలిటీలో పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ మూడు కాళ్ళూ ఊడబీకి, పలకని గుండ్రంగా కోసి, కొత్తగా మూడు బెజ్జాలు పెట్టి, కాళ్ళు కాస్త బయటికి వాలేలా బిగించాను. పాలు పితికేవాళ్ళు వేసుకునే ముక్కాలిపీటకి కాస్త అన్నగారన్నమాట. వరండాలో గుమ్మం పక్కన పెట్టి, త్రిమూర్తులు భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను.

ఆయన కాళ్ళు చాపుకుని, గోడకి ఆనుకుని, రెండు మోకాళ్ళూ అరచేతులతో నిమురుకున్నాడు. “అమ్మయ్య” అన్నాడు ఆఖరికి.

విఠలేశ్వరరావుగారు రానే వచ్చారు. చూశారు. గబగబా కంప్యూటరు దగ్గరికి పోయారు. నేను వెనకాలే వెళ్ళాను. స్తంభాలు అన్నచోట మూడు అని కొట్టారు. నాలుగుకి తగ్గరాదని యంత్రం తిప్పికొట్టింది. హోర్డింగులో వేసి చూశారు, అక్కడ ఒకటికి మించితే ఒప్పుకోలేదు. చేర్పులో చూశారు, కూల్చివేతలో చూశారు. చెమట పట్టింది. తిరిగి వరండాలోకి వచ్చి త్రిమూర్తులు ముందు నిలబడ్డారు.

“ఇది యంత్రంలో నమోదు కావడం లేదు” అన్నారు.

“అంటేనండీ?” అన్నాను.

“నమోదు కానిది ఈ ఆవరణలో ఉండరాదు. ఉండరానిది ఉండదు. కాబట్టి ఇది లేదు.”

“మరి త్రిమూర్తులు దేని మీద కూర్చున్నాడండీ?”

“అతను కూర్చోలేదు. కూర్చోడానికి ఇక్కడ ఏమీ లేదు.”

“ఆయ్” అన్నాడు త్రిమూర్తులు, కాళ్ళు మరికాస్త చాపుకుంటూ.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆనందభూషణంగారు తన ఆసన సముదాయం ఫొటోలు పైకి పంపారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. అవార్డు ఇచ్చే ముందు చూసిపోదామని ఓ బృందం వచ్చింది. దానికి నాయకురాలు ఓ సన్నటి మేడంగారు, నవ్వడానికి కూడా ఏక గవాక్షం కావాలనేలా ఉన్నారు. అరుగు చూశారు, మెట్లు చూశారు, ఇసక బకెట్లు వేలితో కెలికి చూశారు. అద్భుతం అన్నారు. తర్వాత ఆఫీసు లోపలికి వచ్చి ఒక్కసారి కలయజూశారు.

“నాలుగు స్తంభాలు, చదును కప్పు కలిగినవి ఇక్కడ ఇంకా చాలా ఉన్నట్టున్నాయే?” అన్నారు.

ఆనందభూషణంగారు అటూ ఇటూ చూశారు. కుర్చీలు, బల్లలు, బెంచీలు.

“ఇవి ఫర్నిచరండీ” అన్నారు.

“అది మీ అభిప్రాయం” అన్నారు మేడంగారు.

సాయంత్రానికి ఆఫీసులో ఎర్ర రంగు అయిపోయింది, బజారు నుంచి మరో డబ్బా తెప్పించారు. ప్రతి కుర్చీకీ, ప్రతి బల్లకీ గుర్తు పడింది. కమిషనరుగారి తిరిగే కుర్చీ కింద స్తంభం ఒకటే కాబట్టి అది హోర్డింగులోకి వెళ్ళింది, దాని వీపుకి ‘తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి’ అని బోర్డు కట్టి గేటు దగ్గర పెట్టారు. పునాదులు తీసి, అరుగులు కట్టి, వినియోగ యోగ్యతా పత్రాలు వచ్చేదాకా వేటి మీదా ఎవరూ కూర్చోరాదు. ఓ గుమాస్తా తెలివిగా నేల మీద చతికిలబడ్డాడు. ప్రభుత్వ స్థలంలో నేల మీద కూర్చోవడం ఆక్రమణ కిందికి వస్తుందని విఠలేశ్వరరావుగారే లేవదీశారు. ఆయన నిజాయితీ గురించి నేను ఎప్పుడూ అనుమానపడలేదు.

ఆ రోజు నుంచి ఆఫీసంతా నిలబడి పనిచేస్తోంది. ఇంటిపన్ను కట్టడానికి వరసలో నిలబడ్డ ఓ ముసలమ్మ లోపలికి తొంగిచూసి, “ఇన్నాళ్ళకి ఆళ్ళూ మనలో కలిశారే” అని పక్కావిడతో అంది. సంతకం కావలసినవాళ్ళు ఫైలుని కమిషనరు వీపు మీద పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. మధ్యాహ్నానికి మోకాళ్ళు పట్టుకుని మూలిగేవాళ్ళు, గోడలకి జారబడేవాళ్ళు, సెలవు చీటీ రాద్దామంటే ఆనించుకోడానికి బల్ల లేనివాళ్ళు. అంతమందిలో కూర్చున్న మనిషి ఒక్కడే. గుమ్మం పక్కన, గోడకి ఆనుకుని, మోకాళ్ళకి ఏదో తైలం రాసుకుంటూ త్రిమూర్తులు.

మొన్న నేను ఎర్ర రంగు తుడిచే ఉత్తర్వు ఏమైందో కనుక్కుందామని వెళ్ళాను. అప్పుడే ఆనందభూషణంగారు గదిలోంచి బయటికి వచ్చారు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. గుమ్మం పట్టుకుని, సరిగ్గా త్రిమూర్తులు మా షాపులో నిలబడ్డట్టే నిలబడ్డారు. వరండాలో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. ఆ గొంతులో ‘ప్రాతిపదిక’ లేదు, ‘సమగ్ర’ లేదు, ఏమీ లేదు.

“త్రిమూర్తులూ, ఒక్క పది నిమిషాలు లేస్తావా? నేను కాస్త కూర్చుంటాను.”

త్రిమూర్తులు నావైపు చూశాడు. వరండాలో వరసగా నిలబడ్డ గుమాస్తాలని చూశాడు. వంగి తన కింద ఉన్న పీటని ఓసారి, చాలా శ్రద్ధగా, చూశాడు. తల పైకెత్తి, ఎంతో వినయంగా, కూర్చున్న చోటునుంచి అంగుళం కదలకుండా అన్నాడు.

“ఎక్కడ కూర్చుంటారు బాబూ? ఇక్కడేం లేదు గదండీ.”